గ్లిజరిన్‌కి గీసిన గీతలు

అడగనీ. నోరు తెరిచి అడిగితే చెప్తాడు. అడక్కపోతే ఆ నూనె ట్యాంకు నెత్తిమీంచి పొంగి, గోడలు దిగి, గేటు దాటి నడిరోడ్డెక్కినా సరే, తను పెదవి కదపడు. ట్యాంకరు లారీ మెట్టు మీద ఒక కాలు ముడుచుకుని ఇంకో కాలు వేలాడేసి కూర్చున్న డ్రైవరు ఈ మాటని లోపల్లోపల తిప్పుకుంటూనే ఉన్నాడు, తిప్పేకొద్దీ దానికి పదునొస్తోంది. ఎదురుగా సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళ ఇనప ట్యాంకు, నిలబడి నిద్రపోయే ఏనుగులా. దాని కాళ్ళ దగ్గర గోడగడియారమంత గేజి, గేజిలో ముల్లు, ముల్లు చుట్టూ ఎర్రరంగుతో చేత్తో గీసిన గీతలు, ఒకటి నుంచి పది దాకా, ఒక్కో గీత ఒక్కో అడుగు. తన ట్యాంకరు కడుపులోంచి బయల్దేరిన రబ్బరు గొట్టం నేల మీద వంకర్లు తిరిగి పంపులో దూరింది, పంపు దాన్ని మింగి ఇనప పైపులోకి కక్కుతోంది, పైపు ట్యాంకులోకి. చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతలో గంటసేపు ఇక్కడే కూర్చోవాలి, గొట్టం ఊడకుండా చూసుకోవాలి, అదే డ్రైవరు డ్యూటీ. మిగతాది ఫ్యాక్టరీ వాళ్ళ డ్యూటీ. ఫ్యాక్టరీ వాళ్ళంటే ఇవాళ ఎవరయ్యా అంటే, అదిగో, ఆ పసుపు టోపీ. ఆ టోపీ కింద వెలిగిపోతున్నది సాక్షాత్తూ అల్లుడుగారు.

ముల్లు నాలుగు మీద ఉంది. పొద్దున ఇంకో ట్యాంకరు కొంత పోసి పోయింది, తను గొట్టం తగిలించేసరికే మూడు దాటింది. పది అంటే అంచు. తొమ్మిదిన్నర దగ్గర పంపు ఆపాలని ఇక్కడి వాడుక, నేల తుడిచేవాళ్ళకి కూడా తెలిసిన సంగతే. పై మూతని బోల్టులేసి బిగించేశారు, తొంగి చూడ్డానికి లేదు, గేజి ఎంతంటే అంత. అయితే ఆ గీతలు గ్లిజరిన్‌కి గీసినవి. ఇన్నేళ్ళూ ఈ ట్యాంకులో పోసింది గ్లిజరిన్. అసలు నూనె ట్యాంకుకి చిల్లుపడి అతుకులేస్తున్నారు కాబట్టి మొన్న దీన్నీ, వెనకాల ఉన్న చిన్నదాన్నీ ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, ఇవాళ వాటిలో నూనె పోస్తున్నారు. గీతల్ని మాత్రం ఎవరూ కడగలేదు. గ్లిజరిన్ బరువు, నూనె తేలిక. గేజి ముల్లుకి కళ్ళు లేవు, లోపల ఎంత ఎత్తుందో దానికేం తెలుసు, నెత్తిన ఎంత నొక్కితే అంత చెప్తుంది. పది అడుగుల నూనె పది అడుగుల గ్లిజరిన్‌లా నొక్కదు. ముల్లు ఏడో ఏడున్నరో చూపిస్తుండగానే ట్యాంకు అంచు దాకా నిండిపోతుంది. ఇక తొమ్మిదిన్నర కోసం గేజి కేసి చూస్తూ నిలబడ్డవాడు, బూట్లు నూనెలో నానుతుంటే అప్పుడు తెలుసుకుంటాడు. ముల్లు మాత్రం ఏడున్నర మీంచి కదలదు, ఎందుకు కదుల్తుంది, పైనుంచి కారిపోయింది నొక్కదు కదా.

ఈ సంగతి అల్లుడుగారికి తెలీదు. ఎలా తెలుస్తుంది, వచ్చి ఏడాది తిరగలేదు. ఆ గీతలు పెట్టిన రోజున తనే గ్లిజరిన్ లోడు తెచ్చాడు, ఇదే చోట ఇలాగే కూర్చున్నాడు. అప్పటి ఫిట్టరు ట్యాంకెక్కి మూతలోంచి పొడుగాటి కర్ర దింపి, తడిసినంత మేర కొలిచి, "రెండూ!" అని పైనుంచి కేకేస్తే, కింద వాడి తమ్ముడు ముల్లు ఎక్కడుంటే అక్కడ కుంచెతో గీత గీసేవాడు. "మూడూ!" మళ్ళీ గీత. వేలం పాటలా సాగింది రోజంతా. ఆ అన్నదమ్ములిద్దరికీ బుర్రలో బూజు తప్ప ఏమీ లేదు, అయినా ఆ రోజు వాళ్ళు పెట్టిన గీతలే ఇన్నాళ్ళూ ఈ ఫ్యాక్టరీని నడిపించాయి, పెద్ద మేనేజరుతో సహా అందరూ ఆ గీతలకే సలాం కొట్టారు. ఒక్కడైనా అడిగాడా, ఈ గీతలు దేనికి గీశారయ్యా అని? వీళ్ళకి గీత ఉంటే చాలు. ఎవడో ఒకడు గీసి పెడితే దాన్ని పట్టుకుని వేలాడ్డమే వీళ్ళ చదువు.

పొద్దున లారీ కడుగుతుంటే కూతురు ఫోను చేసింది. చాలా రోజులకి. "నాన్నా, లోడు సబ్బుల ఫ్యాక్టరీకేనా?" అంది. ఆఁ అన్నాడు. "ఇవాళ ఈయన మొదటిసారి ఒక్కరే షిఫ్టు చూస్తున్నారు నాన్నా. ఇవాళ్టి పని చూసే ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ చెప్తానన్నాడట పెద్ద మేనేజరు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నువ్వు అక్కడే ఉంటావుగా, కాస్త కనిపెట్టుకుని ఉండవూ?" అంది. "అంత చదివినాయన్ని నేనేం కనిపెడతానమ్మా, నేను కనిపెట్టేదేదో గొట్టాన్ని కనిపెడతా," అన్నాడు.  "సరే నాన్నా" అని పెట్టేసింది. ఆ సరేలో ఉన్న అలసట ఇంకా చెవిలోనే ఉంది, పంపు మోత కూడా దాన్ని తుడవలేకపోయింది. బకెట్లో గుడ్డ పిండుతూ తను పైకే అన్నాడు, సరే అయితే సరే అని. లోపల్నుంచి భార్య విని, "నీకు అందరూ తక్కువే, ఆఖరికి అదీ తక్కువైపోయింది," అని గిన్నె గట్టిగా పెట్టింది. ఈమె ఒకర్తి. మాట తక్కువ, గిన్నెల చప్పుడెక్కువ.

ముల్లు నాలుగున్నర. పంపు ఆపరేటరు కుర్చీలో వాలి కాళ్ళు చాపాడు. వాడి బతుక్కి మూడే పనులు, మీట నొక్కడం, మళ్ళీ నొక్కడం, మధ్యలో చెవిలో అగ్గిపుల్ల తిప్పుకోవడం. అల్లుడుగారు వాడి దగ్గరికెళ్ళి పంపు మోత మీద అరుస్తున్నాడు. "నేను చెయ్యెత్తినప్పుడు ఆపు. గేజి కేసి చూడకు. నా చెయ్యి చూడు." "తొమ్మిదిన్నరకే కదా సార్?" అని వాడు. "నా చెయ్యి చూడమన్నానా?" అని ఈయన. అబ్బో! సర్కస్ రింగుమాస్టరు. చెయ్యెత్తుతాట్ట, సింహం కూర్చుంటుందట. ఏం చూపించుకోవాలని ఈ తాపత్రయం? ఆ పసుపు టోపీ కూడా చూడు, అంగుళం ఒక పక్కకి ఒరిగితే సరిచేసుకోవడం, మళ్ళీ ఒరిగితే మళ్ళీ సరిచేసుకోవడం. నెత్తి మీద టోపీని నిలబెట్టుకోలేనివాడు ట్యాంకుని ఏం నిలబెడతాడు? పది నిమిషాలకోసారి ఇటు చూస్తాడు, చూసి తల తిప్పుకుంటాడు. చూడు నాయనా చూడు, మామగారు లారీ మెట్టు మీద ఎంత అందంగా ఉన్నాడో చూసుకో.

ఇదే చూపు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడూ చూశాడు. కూతురు తనంతట తానే ఎంచుకుని, తీసుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టిన అబ్బాయి. పళ్ళెంలో పెట్టినదాన్ని ముక్కలు లెక్కపెడుతున్నట్టు తింటాడు, నీళ్ళు కూడా నమిలి తాగుతాడు. సరే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని తనే కదిపాడు, మీ ఫ్యాక్టరీ ట్యాంకు అంత వెడల్పు కదా అల్లుడుగారూ, అడుగున నొక్కుడు మామూలుగా ఉండదు, ఆ గేజి ఎలా ఆగుతుందో ఏమో అని. పెద్దవాడన్న మాటకి ఆఁ అవునండీ అంటే పోయేదేముంది, పళ్ళు రాలతాయా? అనలేదు. చెయ్యి తుడుచుకుని మరీ అన్నాడు, "వెడల్పుకి సంబంధం లేదు మామయ్యగారూ." అని పక్కనున్న పేపరు లాక్కుని దాని అంచు మీద పెన్నుతో రాశాడు. ఒక అక్షరం, అడ్డంగా రెండు గీతలు, ఆ తర్వాత ఇంకో మూడు అక్షరాలు. ఇది పీడనం. ఇది ఎత్తు. ఇది భూమి లాగే లాగుడు, దాన్ని వదిలెయ్యండి, ఎక్కడైనా ఒకటే. ఇదిగో ఈ తోకున్న అక్షరం సాంద్రత, అంటే అదే చోటులో ఎంత బరువు కూరి ఉందీ అన్నమాట. ఎత్తు ఒకటే అయినా సాంద్రత పెరిగితే పీడనం పెరుగుతుంది, సాంద్రత తగ్గితే తగ్గుతుంది. వెడల్పు ఇందులో ఎక్కడా లేదు చూడండి. చూశాడు. లేదు. ఎందుకుంటుంది, రాసింది ఆయనే కదా, ఆయనకి కావలసినవి పెట్టుకుని అక్కర్లేనిది వదిలేశాడు. కూతురు వడ్డిస్తూ వంగి ఆ పేపరు చూసి నవ్వింది. "నాన్నా, పీపా అయినా గొట్టమైనా ఒకటేనట!"

పీపా అంది. దానికేం తెలుసు, నోటికొచ్చిన మాట. చెంచా చేతిలో పట్టుకుని తను దాని పళ్ళనే చూశాడు, నవ్వుతున్న పళ్ళని, అవే పళ్ళు, వరసలు వరసలుగా బడి బెంచీల మీద, కిటికీ దగ్గర, తలుపు దగ్గర. సైన్సు మాస్టారు డబ్బాకి మూడు కన్నాలు పెట్టి తెచ్చాడు ఆ రోజు. జేబులో రాయని పెన్ను ఒకటి పెట్టుకుని తిరిగేవాడు ఆయన, అది వృత్తికి గుర్తు కాబోలు. డబ్బాలో నీళ్ళు పోశాడు, పై కన్నంలోంచి ధార కాళ్ళ దగ్గర పడింది, కింది కన్నంలోంచి దూరంగా దూకి ముందు బెంచీ వాళ్ళ మీద చిందింది, అందరూ కేరింతలు. లోతు పెరిగేకొద్దీ పీడనం, రాసుకోండి. తర్వాత బోర్డు మీద ఒక సన్న గొట్టం, దాని పక్కన ఒక లావుపాటి పీపా. రెంటిలోనూ నీళ్ళు ఒకే ఎత్తు. అడుగున పీడనం ఎందులో ఎక్కువ? ఎవరూ చెయ్యెత్తలేదు. తను ఎత్తాడు. "పీపాలో సార్. అంత నీళ్ళు మొయ్యాలి కదా సార్." మాస్టారు నవ్వి సుద్దముక్క బోర్డు మీద తాటించాడు. "అరే పీపా, కూర్చో." అంతే. తెలుసుకోవాలని ఎత్తిన చెయ్యి, తెలిసో తెలీకో ఎత్తిన చెయ్యి, దాన్ని దించడానికి చోటు లేకుండా చేశాడు. ఆటలో పీపా, నీళ్ళ పంపు దగ్గర పీపా, ఇంటి దాకా వెంటపడి పీపా. ఏడాది ముగిసే లోపల తను బాబాయి లారీ క్లీనరు. ఆ గది ముఖం మళ్ళీ చూడలేదు. అయినా ఇప్పటికీ అంటాడు, ఎవడొచ్చి అడిగినా అంటాడు, పీపాలోనే ఎక్కువ. అంత నీళ్ళు ఎవడు మోస్తాడు మరి? నీ తాతా?

ముల్లు అయిదు. ఎండ ట్యాంకు భుజం మీంచి జారి తన కాళ్ళ మీదకి వచ్చింది. నూనె తేలిక అన్న సంగతి తనకి ఏ తోక అక్షరమూ చెప్పలేదు, లారీ చెప్పింది. ట్యాంకరు నిండా గ్లిజరిన్ పోస్తే వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్‌పట్టీలు నేలకేసి వంగి మూలుగుతాయి, బ్రేకు మీద కాలేస్తే బండి ఒకంతట ఆగదు, వెనకనుంచి ఎవరో వీపు మీద చేతులేసి తోస్తున్నట్టు ఉంటుంది. అదే ట్యాంకరు, అదే నిండు, నూనె పోస్తే బండి పైకి లేచి కూర్చుంటుంది, పిల్ల సైకిలు తొక్కినట్టు పోతుంది. తూకం కాటా దగ్గర చూస్తే ముప్పాతిక ట్యాంకరు గ్లిజరిన్, నిండు ట్యాంకరు నూనె, రెండూ ఒకటే. అందుకే ఏడో ఏడున్నరో అనుకున్నాడు. ఖచ్చితంగా ఎంతో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు, తెలిస్తే మాత్రం ఏమన్నా కిరీటం పెడతారా? మనుషులూ అంతే అని ఎప్పుడో అనిపించింది, ఏ ఘాటు రోడ్డు దిగుతుంటేనో. ఒకడు చెప్పే మాటా ఇంకొకడు చెప్పే మాటా ఒకటే, కానీ ఒకడి మాట గది అంతా నొక్కుతుంది, రెండోవాడిది అలా పైపైన తేలుతుంది. తను ముప్ఫయ్యేళ్ళు ఇంట్లో మాట్లాడింది ఏ కోవలోకి వస్తుందో. "నువ్వు లోపలికి రాగానే గాలి బరువెక్కుతుంది నాన్నా" అంది కూతురు, పెళ్ళికి ముందు, గుమ్మంలో నిలబడి. గాలికి కూడా సాంద్రత ఉంటుందని ఆ అబ్బాయే నేర్పుంటాడు. ఛీ.

అబ్బాయి వస్తున్నాడు. గొట్టం మీద అడుగుపడకుండా, గంతుకి గంతు లెక్కేసుకుంటూ. "మామయ్యగారూ, టీ తాగుతారా?" "వద్దండి." "ఎండగా ఉంది, లోపల ఫ్యాను కింద కూర్చోండి, గొట్టం నేను చూస్తాను." "నా గొట్టం నేను చూసుకుంటానండి అల్లుడుగారూ, మీ ట్యాంకు మీరు చూసుకోండి." అండి మీద కాస్త ఒత్తాడు, సూది దిగేంత. అబ్బాయి మొహంలో ఏమీ కదల్లేదు. టోపీ సరిచేసుకున్నాడు. పోలేదు, అక్కడే నిలబడ్డాడు. పంపు అవతల ఇనప పైపు ఒకచోట సన్నబడి మళ్ళీ లావైంది, ఆ లావు చోట ఒక చిన్న గేజి, సన్నం చోట ఒక చిన్న గేజి, వాటికేసి చూస్తూ, "ఆ సన్నం దగ్గర ముల్లు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది గమనించారా?" అన్నాడు. "గమనించకేం. చెడిపోయింది అది. ఎన్నేళ్ళ నుంచో చెప్తున్నా, ఒక్కడూ మార్చడు." "చెడిపోలేదు మామయ్యగారూ. ఇరుకులో నూనె పరిగెత్తాలి కదా. పరుగు పెరిగితే పీడనం తగ్గుతుంది. ఆ రోజు రాశానే, పీడనం ఒక ముక్క, పరుగు ఒక ముక్క, ఎత్తు ఒక ముక్క, మూడూ కలిపితే మారకూడదు. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గి చోటివ్వాలి." "ఇరుకు గేటులో జనం తోసుకోవడం చూశారా ఎప్పుడైనా? తగ్గుతుందా అక్కడ నొక్కుడు?" అబ్బాయి నవ్వాడు, ఎగతాళిగా కాదు, అదే మండింది. "జనం నూనెలా చోటివ్వరు కదండీ," అన్నాడు. 

అని ఇంకో క్షణం ఆగి, గేజి కేసి కాకుండా తన మొహం కేసి చూసి, "ఏమైనా చెప్పాలా మామయ్యగారూ?" అన్నాడు.

ఇదిగో. వచ్చింది. అడిగాడు. కానీ ఇది అడగడమేనా? ఏమైనా చెప్పాలా అట. బస్సు కండక్టరు చిల్లర కావాలా అన్నట్టు. అడగడమంటే అలా కాదు. మామయ్యగారూ, నాకు తెలీదు, ఈ గీతలు నూనెకి పనికొస్తాయో లేదో మీరే చెప్పాలి, అని, ఆ టోపీ తీసి చంకలో పెట్టుకుని. అప్పుడు చెప్పేవాడు. కడుపులో ఉన్నదంతా చెప్పేవాడు, ఆ ఫిట్టరు సంగతీ, కమాన్‌పట్టీల సంగతీ. "నేనేం చెప్తానండీ," అన్నాడు, "చదువుకోనివాణ్ణి." అబ్బాయి తల ఊపాడు. మళ్ళీ గంతుకి గంతు లెక్కేసుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళు. నీ మూడు ముక్కలూ కలుపుకుంటూ పో. ఆ పేపరు మీద రెండో లెక్క కూడా రాశాడు ఆ రోజు, ఆ మూడు ముక్కల లెక్క, అందులో ఆ తోక అక్షరం ఒకచోట కాదు, రెండుచోట్ల ఉంది, పరుగు ముక్కలోనూ ఎత్తు ముక్కలోనూ. ఎక్కడ చూసినా అదే దూరుతుందే అని తను అప్పుడు అనుకున్నాడు, అనలేదు. ఇంత జపం చేసినవాడు, రెండుచోట్ల రాసినవాడు, ఎదురుగా గేజి మీద అదే అక్షరం మారిపోతే కనుక్కోలేకపోయాడు. పేపరు మీద దొరుకుతుంది వీళ్ళకి. ఇనుము మీద దొరకదు.

ఆరు. ట్యాంకు చప్పుడు మారింది. మొదట్లో లోపల ఖాళీ గదిలో నీళ్ళు పోసినట్టు మోగేది, ఇప్పుడు గొంతు పూడుకుపోయినట్టు సన్నగా, పైన గాలి గొట్టంలోంచి వెచ్చటి ఊపిరి వదులుతోంది. పెద్ద మేనేజరు ఆఫీసు కిటికీలో ఒకసారి కనిపించి పోయాడు. ఆయనో మహానుభావుడు, ట్యాంకు దగ్గరికి రాడు, చొక్కా మీద మరక పడుతుందని. ఇవాళ పడుతుంది. ఇవాళ ఆ మెట్ల దాకా వస్తుంది నూనె. డ్రైవరు కళ్ళు సగం మూసుకుని చూశాడు, మెత్తగా, తీరిగ్గా, సినిమా టిక్కెట్టు కొనుక్కున్నవాడిలా. ముందు మూత అంచున ఒక చెమ్మ గీత. తర్వాత నాలుక చాపినట్టు. తర్వాత ట్యాంకు ఒళ్ళంతా మెరుస్తుంది, పంపు ఆపరేటరు కుర్చీ వెనక్కి పడుతుంది, అగ్గిపుల్ల చెవిలోనే ఉండిపోతుంది, అల్లుడుగారు చెయ్యెత్తుతాడు, రెండు చేతులూ ఎత్తుతాడు, ముల్లు కేసి చూపిస్తూ ఇంకా ఏడున్నరే ఉంది సార్, చూడండి సార్, తొమ్మిదిన్నర కాలేదు సార్. టోపీ పడిపోతుంది. జారి వెల్లకిలా పడినా ఆశ్చర్యం లేదు. అప్పుడు తను నెమ్మదిగా మెట్టు దిగి, అల్లుడుగారూ, వెడల్పుకి సంబంధం లేదు కదండీ, గీతకి ఉందేమో చూసుకోవాల్సింది, అంటాడు. ఆ మాట నోట్లో తీపిగా తిరిగింది. మళ్ళీ తిప్పాడు. తిప్పుతుంటే, ఎక్కణ్ణుంచి వచ్చిందో, పక్కన బల్ల, బల్ల మీద పళ్ళెం, పళ్ళెం ముందు అల్లుడు ముద్ద ముట్టకుండా కూర్చోవడం, కూతురు గుమ్మంలో నిలబడి ఏం జరిగిందని అడగడం, అడిగి ఆగడం. "నాన్న అక్కడే ఉన్నాడు కదా?" అది నవ్వట్లేదు. ఎంత ప్రయత్నించినా దాన్ని నవ్వించలేకపోయాడు, ఆ పళ్ళు కనిపించట్లేదు. 

దాని చిన్నప్పుడు లారీ సీటు మీద పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు, ప్రతి గుంట దగ్గరా "పట్టుకో" అనేవాడు, గుంట రాకముందే. అదే అలవాటైపోయి తర్వాత ఒక్కడే పోతున్నప్పుడు కూడా ఖాళీ సీటుకి పట్టుకో అనేవాడు. ఎంత పిచ్చి. ఎవడైనా వింటే నవ్విపోతాడు.

ఆరున్నర దాటింది. కాళ్ళు నేల మీద ఉన్నాయి. ఎప్పుడు దిగాడో తెలీదు. పో, ఇంకా టైముంది. ఏడు దాకా ఏమీ కాదు, ఏడున్నర కూడా అవ్వచ్చు. చెప్తే ఏమంటాడు? థాంక్యూ మామయ్యగారూ అంటాడు, ఆ నమిలిన గొంతుతో, అని సాయంత్రం ఇంటికెళ్ళి లెక్క వేసి ఖచ్చితంగా ఎంతో కనుక్కుని, మామయ్యగారు ఏడున్నర అన్నారు గానీ నిజానికి ఇంత, అంటాడు. చెప్పి చెప్పించుకోవడం దేనికి? చెయ్యెత్తి దించుకోవడం దేనికి? ఒకసారి ఎత్తాం చాలు. గాలి గొట్టం ఈల వెయ్యడం మొదలుపెట్టింది. ఆ ఈల పంపు ఆపరేటరుకి వినపడదు, అల్లుడుగారికి వినపడదు, వాళ్ళ చెవులకి ఏం తెలుసు, అది నిండిన కడుపు వేసే ఈల.  రెండడుగులు వేశాడు. నోరు తెరిచాడు. తెరిచిన సంగతి ఎండ నాలుకకి తగిలితే తెలిసింది. మాట వచ్చిందా లేదా, వచ్చి పంపు మోతలో పోయిందా, ఆ తర్వాత ఎన్నిసార్లు ఎంత తవ్వుకున్నా అతనికి తెలీలేదు.

పసుపు టోపీ పక్కన చెయ్యి లేచింది.

పంపు ఆగింది. ఆ నిశ్శబ్దం మీద పడింది, ఒక్కసారిగా, పదడుగుల ఎత్తునుంచి. ముల్లు సరిగ్గా ఏడు మీద నిలబడి ఉంది. పంపు ఆపరేటరు "ఇంకా చాలా ఉంది కదా సార్!" అంటున్నాడు, ఏడుపు గొంతుతో, తన లెక్క తప్పితే అన్నం పోతుందన్నట్టు.  అల్లుడు చెయ్యెత్తినప్పుడు గేజి కేసి చూడట్లేదు, తన కేసి చూస్తున్నాడు, ఇప్పుడూ తన కేసే చూస్తూ వచ్చి దగ్గరగా నిలబడ్డాడు.

"గ్లిజరిన్‌కి తొమ్మిదిన్నర అంటే నూనెకి ఏడు మామయ్యగారూ," అన్నాడు. "ట్యాంకు కడిగిస్తున్నప్పుడే లెక్క వేసుకున్నాను."

"తెలిసి మరి... ఏమైనా చెప్పాలా అని ఎందుకడిగారు?"

"మీకు తెలుసని నాకు తెలుసు. గీతలు పెట్టిన రోజు మీరే లోడు తెచ్చారని పాత ఫిట్టరు చెప్పాడు." చేతికున్న తొడుగులు ఒక్కో వేలూ లాగి తీస్తున్నాడు. "చెప్తారేమో అనుకున్నాను."

అంతే అన్నాడు. కోపం ఉంటే బాగుండేది. కోపానికి సమాధానం ఉంది, దానికి బండెడు సమాధానాలు ఉన్నాయి. ఇంత పలచగా, నూనెలా, పైన తేలిపోయే మాటకి ఎక్కడ పట్టుకుని ఏం అనాలి? నీ టోపీ వంకరగా ఉంది అనాలా? ఉంది, నిజంగానే వంకరగా ఉంది, ఈసారి సరిచేసుకోలేదు. అబ్బాయి లాగిన తొడుగుల్లోంచి చెమట బొట్లు బొట్లుగా నేల మీద రాలింది. అది అప్పుడు చూశాడు. గంట నుంచీ పడుతోందేమో, తొడుగుల్లో.

ఫోను మోగింది. అబ్బాయిది. "ఆఁ, చెప్పు... అయిపోయింది. బాగానే అయింది." నాలుగడుగుల దూరం కూడా లేదు, కూతురు గొంతు ఫోనులోంచి చీమలా వినపడుతోంది, ఏదో అడుగుతోంది. అబ్బాయి ఇటు చూశాడు, చూసి కళ్ళు దించుకుని, "మీ నాన్నగారు ఉన్నారుగా," అన్నాడు. "ఏడు దగ్గర ఆపమని ఆయనే చెప్పారు. లేకపోతే పొంగిపోయేది... అవును, ఆయనే. ఇదిగో, మాట్లాడు." అని ఫోను తన ముందు పెట్టాడు.

వెధవ. వెధవన్నర వెధవ. అబద్ధమాడ్డం కూడా రాదు, చెవులెర్రబడిపోయాయి. ఎవడడిగాడు నిన్ను? ముప్ఫయ్యేళ్ళు ఒకరి దగ్గర చెయ్యి చాపకుండా బతికినవాడికి నువ్వు దానం చేస్తున్నావా? ఫోను చేతిలోకి ఎలా వచ్చిందో వచ్చింది, వెచ్చగా, చెమటగా. "నాన్నా?" అంది కూతురు. "నువ్వే చెప్పావా నాన్నా?"

చెప్పలేదు అనొచ్చు. మీ ఆయన అబద్ధాలకోరు, నేనేమీ చెప్పలేదు, ట్యాంకు పొంగుతుందని తెలిసీ కూర్చుని చూశాను అనొచ్చు. అది నిజం. నిజం చెప్పడంలో తనని మించినవాడు లేడని ఇన్నాళ్ళూ ఊరందరి మొహాన కొట్టినవాడే కదా. అవతల ఊపిరి వినపడుతోంది, గాలి గొట్టం ఈలలా, పట్టుకుని, పట్టుకుని. ఇవతల అల్లుడు నేలకేసి చూస్తూ తొడుగుల్ని ఉండ చుడుతున్నాడు.

"ఆఁ," అన్నాడు.

కూతురు నవ్వలేదు. "సరే నాన్నా," అంది. పొద్దుటి మాటే. పొద్దుటి బరువు లేదు. ఆదివారం అమ్మని తీసుకుని రమ్మంది, ఆఁ అన్నాడు, వస్తానన్నాడో రానన్నాడో తనకే తెలీకుండా. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు వేళ్ళు తగలకుండా ఇచ్చాడు.

ట్యాంకరులో ఇంకా సగానికి తక్కువగా నూనె ఉంది. అది వెనకాల చిన్న ట్యాంకులోకి పోవాలి. పంపు ఆపరేటరు పైపు కవాటాలు తిప్పుతూ విసుక్కుంటున్నాడు, ఏడుకే నిండడమేంటో, ఈ ట్యాంకుకి దెయ్యం పట్టిందని. డ్రైవరు వంగి గొట్టం బిగింపు పట్టి చూశాడు, గట్టిగానే ఉంది, అయినా ఇంకో చుట్టు తిప్పాడు. తల ఎత్తకుండా చిన్న ట్యాంకు గేజి కేసి చూశాడు. అదే ఎర్రరంగు, అదే కుంచె, అవే గీతలు, ఒకటి నుంచి ఆరు దాకా. దీనికి అంచు ఎక్కడో, ఎక్కడ ఆపితే క్షేమమో తెలీదు, తను ఎప్పుడూ దీనిలో పోయలేదు. కర్ర దింపిన రోజు తను లేడు. ముప్పాతిక అని చూచాయగా తెలుసు, చూచాయతో ఆపితే ఆగుతుందా? కాసేపు అలాగే వంగి ఉన్నాడు, నడుం నొప్పెట్టేదాకా.

"అల్లుడుగారూ," అన్నాడు. అండి మీద ఒత్తుదామనుకున్నాడు, గొంతులో ఎంత వెతికినా ఆ సూది దొరకలేదు. "దీన్ని ఎంత దగ్గర ఆపాలండీ?"